ఇసుక చదును చేయను

1. రికార్డు రోజుకు పంతొమ్మిది రోజుల ముందు

ఇసుక తేమ తొమ్మిది శాతం. గని అడుగున ముప్పై ఎనిమిది డిగ్రీలు, పైన ఊళ్లో నలభై తొమ్మిది. ఈశాన్యం మూల బొగ్గు పొర మళ్లీ పొగ కక్కుతోంది, నాలుగు బిందెల నీళ్లు పోశాను. లాంగ్‌జంప్ పలక తుడిచాను. ఇంతవరకు అంచనా సంఘం యంత్రంలో కూడా నమోదు చేశాను. ఇక్కడి నుంచి రాసేది నా కోసం, కాగితం మీద. కాగితం దాని కళ్లకు ఆనదు.

నా పేరు ఎస్తేరు. ఇల్లందులో మూతపడిన ఓపెన్‌కాస్ట్ గని అడుగున పిల్లల మైదానం ఉంది. పైన ఎండకు ఎవరూ పరుగెత్తలేరు కాబట్టి ఇక్కడ కట్టారు. అందులో ఇసుక గుంత చూసుకోవడం నా ఉద్యోగం. ఎవరైనా దూకగానే దంతె పట్టుకుని ఇసుక చదును చేస్తాను. నలభై నాలుగేళ్లున్నాయి, ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లు అయ్యాయి.

ఈ రోజు చీటీలు చదివారు. పండగంటే మాకు అదే, పోటీ రోజు కాదు. ప్రతి ఆడపిల్లా జన్మలో ఎంత దూరం దూకగలదో సంఘం యంత్రం ముందే చీటీ మీద చెప్పేస్తుంది. దాన్ని గీత అంటారు. సంఘం పెద్ద సుధీంద్ర సార్ మైకులో చదువుతుంటే తల్లిదండ్రులు మెట్ల మీద కూర్చుని చెవులు రిక్కించి వింటారు.

"ప్రణవి. ఆరు మీటర్ల యాభై ఐదు. జూనియర్ అమ్మాయిల రాష్ట్ర రికార్డు ఆరు నలభై ఒకటి. రికార్డు రోజు, వచ్చే నెల రెండో ఆదివారం, ఉదయం పది గంటలకు."

ప్రణవి వాళ్ల నాన్న అక్కడికక్కడే జిలేబీలు పంచాడు. 6.55 అని చెక్కిన బంగారు పతకం కూడా పెట్టెలో తెచ్చే ఉంచారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పిల్ల ఇంకా దూకనే లేదు.

చివర్లో చదివారు. "గుగులోతు సీతాలి. ఆరు సున్నా ఐదు. మార్పు లేదు."

పద్దెనిమిది నిండేలోపు గీత ఆరు ఇరవై దాటని పిల్లను హాస్టల్లోంచి పంపేస్తారు. సీతాలికి వచ్చే నెలాఖరుకు పద్దెనిమిది. ఆ పిల్ల తల వంచుకుని చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంది. నేను మాత్రం లోపల్లోపల నవ్వుకున్నాను.

2. పదిహేడు రోజుల ముందు

తేమ ఎనిమిది శాతం.

తెల్లారి అయిదున్నరకు సీతాలి వచ్చింది. రోజూలాగే కాలి కడియం విప్పి నాకిచ్చింది. పిల్లలందరూ ఆ కడియం పగలూ రాత్రీ పెట్టుకోవాలి. నడక, పరుగు, నిద్ర, గుండె, అన్నీ అది యంత్రానికి మోస్తుంది. ఇసుక పడితే పాడవుతుంది, సాధన వేళ నా దగ్గర పెట్టు, చార్జింగ్ కూడా అప్పుడే పెట్టిస్తానని మూడేళ్ల కింద ఆ పిల్లకు చెప్పాను. నమ్మింది. నేను తిరిగిచ్చేది చెడిపోయిన పాత కడియం, అసలుది అప్పటి నుంచీ నా కాలికే ఉంది.

సీతాలి పంతొమ్మిది అడుగులు పరుగెత్తి దూకింది. తోరణం కట్టడానికి వచ్చిన మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకున్న ఇనుప టేపుతో కొలిచాను. ఆరు యాభై ఎనిమిది.

"ఎంతొచ్చిందక్కా?"

"బాగనే వచ్చింది. చేతులు ఇంకా ఎత్తాలె."

"ఎంతో చెప్పవేందే! గీత కన్న ఎక్కువనా తక్కువనా, గదన్న చెప్పరాదు."

"చెప్తే నీ కాళ్లకు పొగరెక్కుతది. మళ్ల దూకు."

యంత్రానికి తెలిసిన సీతాలి ఎవరు? మోకాలు అరిగి, దంతె ఊతంగా గని మెట్లెక్కే నలభై నాలుగేళ్ల ఆడది. నాలుగు మీటర్లని రాస్తుందేమో అనుకున్నాను. ఆరు సున్నా ఐదు అంది. నేననుకున్నంత తక్కువ రాలేదు, అయినా చాలు. ఆ గీతను సీతాలి అరమీటరు దాటేస్తే సుధీంద్ర ముఖం ఎక్కడ పెట్టుకుంటాడో చూడాలి. పాతికేళ్లకు పైగా ఒక్క అంచనా కూడా తప్పలేదని ఢిల్లీలో దేశానికంతటికీ అంచనాల పెద్దగా కూర్చోబెడుతున్నారట. ఈ రికార్డు రోజు అయిపోగానే వెళతాడు. వెళ్లనిస్తానా!

3. పధ్నాలుగు రోజుల ముందు

తేమ తొమ్మిది. రెండు బస్తాల రాతి ఇసుక జల్లించి పోశాను. నది ఇసుక ఎలా ఉండేదో ఈ పిల్లలకు తెలియదు.

ఈ రోజు సుధీంద్ర గుంత చూడ్డానికి వచ్చాడు. బూటు కొనతో ఇసుక తన్ని చూశాడు.

"రికార్డు రోజుకి ఇసుక మెత్తగా ఉండాలమ్మా. నీ పేరేమిటి?"

ఇరవై ఆరేళ్ల తర్వాత నా పేరు అడిగాడు. చెప్పాను. గుర్తుపట్టలేదు. "మంచిది" అని వెళ్లిపోయాడు. ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండింది.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఇదే గుంతలో ఆరు యాభై రెండు దూకాను, అప్పటికే ఇందులో ప్రతి అంగుళం నా కంటికి కొలతే. అప్పటి రికార్డు కన్నా ఎక్కువ. నా గీత ఆరు పది. గీతకు ఇరవై సెంటీమీటర్ల లోపు తేడా అయితే యంత్రం తనే దిద్దేసి అంచనాకు సరిపెడుతుంది, దాన్ని సవరణ అంటారు. అంతకు మించి దాటితే 'కొలత దోషం' అని ఎర్ర అక్షరాలు వస్తాయి. నాకు అవే వచ్చాయి. అప్పుడు కుర్ర ఇంజనీరుగా ఉన్న సుధీంద్ర మైకులో "ఇసుక చదును చెయ్యండి" అన్నాడు.

ఆ రోజు గుంత దగ్గర దంతె పట్టుకుని నిలబడ్డది మా నాన్న. ఆయనే ఇక్కడ కాపలాదారు. నా ముఖం చూశాడు, మైకు వైపు చూశాడు, నేను దూకిన గుర్తు మీద దంతె వేసి లాగాడు. "నాన్నా, ఆగు" అని అరిచాను. ఆగలేదు. ఇంట్లో అయిదుగురం, ఆయనదొక్కటే సంపాదన. తర్వాత పదకొండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. పోయేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఆ పాపం సుధీంద్రది. నాది కూడా కావచ్చు, కానీ ముందు వాడిది.

నాన్న ఉద్యోగం నాకిచ్చాక సంఘం పాత రూలు పుస్తకం దొరికింది. ముప్పై ఒకటో నియమం ఇలా ఉంది: ఇసుకలో గుర్తు చెరగక ముందు దూకిన మనిషి అడిగితే టేపుతో కొలవాలి, టేపు కొలతే చెల్లుతుంది. దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. కొట్టెయ్యాల్సిన అవసరం రాలేదు, కాపలాదార్లం అడగక ముందే చదును చేసేస్తాం కాబట్టి.

4. ఆరు రోజుల ముందు

తేమ తొమ్మిది.

రికార్డు రోజున ఒక్క పిల్లే దూకితే కళ ఉండదని తక్కువ గీత పిల్లలను నలుగురైదుగురిని పిలుస్తారు. వాళ్లను నింపుడు పిల్లలు అంటారు. ఆ జాబితాలో సీతాలి పేరు రాయించాను. గుమస్తా "ఎవరైతే ఏందక్కా, ఎవ్వరు చూస్తరు" అన్నాడు.

సాధన అయ్యాక సీతాలి మెట్ల మీద కూలబడింది.

"అక్కా, కండ్లు తిరుగుతున్నయి. ఒక గుడ్డు ఏమన్న దొరుకుతదా?"

హాస్టల్లో ఆరు ఇరవై గీత పైన పిల్లలకు రోజుకు రెండు గుడ్లు, గ్లాసుడు పాలు. కింది వాళ్లకు జొన్న జావ. నా డబ్బాలోంచి వేయించిన పల్లీలు గుప్పెడు ఇచ్చాను. చొక్కా అంచుతో మూతి తుడుచుకుని మళ్లీ పరుగు గుర్తు దగ్గరికి పోయింది.  ఇంకా ఆరు రోజులే కదా అనుకున్నాను.

5. రికార్డు రోజు

తేమ పది శాతం. గాలి లేదు.

డప్పులు, తోరణం, మెట్ల నిండా జనం. పదింటికి ప్రణవి మెడలో ముందే దండ వేశారు. దాన్ని తీసి కుర్చీ మీద పెట్టి వచ్చి దూకింది. నా కళ్ల ముందే పడింది, ఆరు ముప్పై ఎనిమిదికి వెంట్రుకవాసి కూడా ఎక్కువ కాదు. బోర్డు మీద 6.55 వెలిగింది. టపాసులు పేలాయి. నేను ఇసుక చదును చేస్తుంటే ఆ పిల్ల బూట్లు తీసుకోవడానికి వంగి మెల్లగా అడిగింది.

"అక్కా, అంత పడలే గదా?"

"పడలే బిడ్డా."

"నాకు ఎర్కనే" అని ఫొటోల దగ్గరికి వెళ్లింది.

తర్వాత నింపుడు పిల్లలు. జనం పులిహోర పొట్లాల మీద పడ్డారు. సీతాలి నాలుగోది. పరుగు మొదలుపెట్టింది. పలక మీద పాదం పడ్డ చప్పుడు వినగానే నాకు తెలిసిపోయింది. గాలిలో ఆ పిల్ల చేతులు ఎత్తింది, నేను చెప్పినట్టే. ఇసుక నా చీర మీద పడింది.

బోర్డు మీద ఎర్రగా: కొలత దోషం.

సుధీంద్ర పులిహోర పొట్లం చేతిలో పెట్టుకునే మైకులో అన్నాడు. "ఇసుక చదును చెయ్యండి."

అవే మూడు మాటలు. దంతె నేల మీద పడేశాను. "చెయ్యను" అన్నాను.

మొదట ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అరిచాను. సుధీంద్ర మెట్లు దిగి వచ్చాడు.

"ఏమ్మా, చెవులు వినపడవా?"

"వినపడ్డది సార్. ఇరవై ఆరేండ్ల కింద గూడ ఇట్లనే వినపడ్డది. అప్పుడు మా నాయిన చేసిండు. నేను చెయ్య. సీతాలీ, అడుగు!"

సీతాలి ఇసుకలోంచి లేచింది. నేను నేర్పిన మాట నేర్పినట్టే అంది. "ముప్పై ఒకటో నియమం సార్. నాది టేపుతోని కొలవాలె."

"టేపేమిటి? పిచ్చిగా ఉందా?" అంటూ ఆయన దంతె కోసం వంగాడు. ప్రణవి వచ్చి బంగారు పతకంతో సహా గుంత గట్టు మీద, ఆ గుర్తుకు అడ్డంగా కూర్చుంది.

"కొలవనియ్యండి సార్. నాది గూడ కొలవాల్సుండె" అంది.

ఆ మాటతో మిగతా పిల్లలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. దంతె వెయ్యడానికి జానెడు చోటు లేదు. కుర్ర రెఫరీకి నా టేపు ఇచ్చాను. పాపం, పుట్టి బుద్ధెరిగి టేపు పట్టలేదు, సున్నా ఎటుందో వెతుక్కున్నాడు. మెట్ల మీది జనం దిగి వచ్చారు. రెఫరీ మూడుసార్లు చూసి చదివాడు. "ఆరు మీటర్ల అరవై ఒకటి."

సుధీంద్ర ముఖం చూశాను. దానికోసమే కదా ఇన్నేళ్లు బతికాను! పెదవులు తడుపుకుంటూ బోర్డు వైపు చూస్తున్నాడు. నాకు పట్టరానంత సంతోషం వేసింది. సీతాలిని ఎత్తుకుని తిప్పాను, మోకాలు కలుక్కుమంది, లెక్కచేయలేదు.

6. రెండు రోజుల తర్వాత

తేమ చూడలేదు. గుంత చుట్టూ తాడు కట్టి నన్ను దూరం ఉండమన్నారు.

సీతాలిని హాస్టల్ గదిలో పెట్టి తాళం వేశారు. రక్తం తీసుకున్నారు. బూట్లు కోసి చూశారు. పలక ఊడదీశారు. తండా నుంచి వాళ్ల నాన్నను పిలిపించి, పిల్లకు ఏం మందు తాగించావని నాలుగు గంటలు కూర్చోబెట్టారు. టేపు కొలత చెల్లుతుంది, కానీ ఆరు సున్నా ఐదు పిల్ల ఆరు అరవై ఒకటి ఎలా దూకిందో వారంలో రుజువు కాకపోతే అది మోసమేనట. అప్పుడు సీతాలి ఇక జన్మలో ఏ మైదానంలోనూ అడుగు పెట్టకూడదు.

ఇరవై ఆరేళ్లు సుధీంద్ర ముఖం ఎలా మాడిపోతుందో ఆలోచించాను. దూకిన పిల్ల గతేమిటని ఒక్క పూట ఆలోచించలేదు. ఎంత గుడ్డిదాన్నయ్యాను!

రుజువు నా దగ్గరుంది. అసలు కడియం మూడేళ్లు సీతాలి కాలికి లేదని చెబితే చాలు, పిల్ల బయటపడుతుంది. కానీ అప్పుడు సుధీంద్ర కూడా బయటపడతాడు. లెక్కలు దొంగవి, యంత్రం తప్పు కాదు అని చేతులు దులుపుకుని ఢిల్లీ వెళతాడు. నా నోటితో నేనే వాణ్ని కాపాడాలి. ఈ మాట రాస్తుంటేనే పళ్లు కొరుక్కుంటున్నాను.

7. నాలుగు రోజుల తర్వాత

కాపలా ఆమెను బతిమాలి సీతాలి దగ్గరికి వెళ్లాను. మంచం మీద ముడుచుకుని ఉంది.

"నేను మందు ఏసుకున్ననంటున్రక్కా. మా నాయిన కాళ్లు మొక్కిండంట వాళ్లకు. నా గీత అంత తక్కువ ఎందుకొచ్చిందో నాకే సమజయితలేదు, వాళ్లకేం చెప్పాలె?"

నా కాలికున్న కడియం చూపించి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి నిలబడింది.

"మూడేండ్లు జావ తాగిన. పక్క మంచం పిల్లలు గుడ్లు తింటుంటే అటు మళ్లి పడుకున్న. నా కాళ్లల్ల దమ్ము లేదనుకున్న. నీకు ఎర్కుండే నాకు జావ తాపిచ్చినవ్!"

"వాని మీద పగతోని..."

"నీ పగ నీది! నా కాళ్లెందుకు తీస్కున్నవ్? ఆయన నీ ఒక్క దూకుడు చెరిపిండు. నువ్వు నావి మూడేండ్లయి దాచిపెట్టినవ్. ఎంతొచ్చిందక్కా అని రోజు అడుగుతి గదా, ఒక్క పూటన్న చెప్పినవా?"

 కంచే చేను మేసింది. ఇన్నాళ్లూ సుధీంద్ర ఒక్కడే దుర్మార్గుడనుకున్నాను, ఆ పిల్ల కళ్లకు నేనూ వాడి పక్కనే నిలబడి కనిపించాను.

"రేపు విచారణలో చెప్త" అన్నాను.

"చెప్పు. నాకోసమని మాత్రం అనకు" అంది సీతాలి. గోడ వైపు తిరిగి కూర్చుంది.

8. అయిదు రోజుల తర్వాత

విచారణ జరపడానికి వరంగల్ నుంచి ఫర్హానా బేగం అనే పెద్దావిడ వచ్చింది. మైదానం ఆఫీసు గదిలో బల్లకు ఒక పక్క సుధీంద్ర, ఇంకో పక్క సీతాలి, వాళ్ల నాన్న. ప్రణవి కిటికీ బయట నిలబడింది.

చెప్పేశాను. కడియం విప్పి బల్ల మీద పెట్టాను. చెబుతున్నంతసేపూ సుధీంద్ర ముఖం విచ్చుకుంటూ వచ్చింది. నా మాట పూర్తి కాకుండానే అందుకున్నాడు.

"విన్నారు కదా మేడమ్? ఇది మనిషి చేసిన మోసం. యంత్రం తప్పు కాదు. తప్పుడు లెక్కలిస్తే తప్పుడు గీతే వస్తుంది. పిల్ల రికార్డు ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. నా అంచనాల్లో మాత్రం ఒక్కటీ తప్పలేదని రాయండి."

నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి బల్ల మీది నీళ్ల చెంబు ఎత్తి కొట్టాలనిపించింది. సీతాలి వాళ్ల నాన్న కళ్లు తుడుచుకుంటున్నాడు కాబట్టి ఆగాను.

ఫర్హానా గారు కళ్లజోడు సర్దుకుంది. తీరిగ్గా, ఏదో కూరగాయల ధర అడిగినట్టు అడిగింది.

"ఎస్తేరమ్మా, మూడేండ్లు ఈ కడియం ఎవరి కాలికి ఉన్నది?"

"నా కాలికే మేడం."

"ఇంకెవరికీ ఇయ్యలేదు? పక్కా?"

"పక్కా మేడం. స్నానానికి తప్ప తియ్యలే."

"వయసెంత నీకు?"

"నలభై నాలుగు. మోకాలికి రెండు ఆపరేషన్లయినయి."

"ఒక్కసారి దూకి చూపిస్తవా?"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. సుధీంద్రకు మాత్రం అయింది. "దీనికీ దానికీ సంబంధం లేదు మేడమ్" అని లేచాడు. ఆవిడ వినిపించుకోలేదు, చెప్పులు వేసుకుని గుంత దగ్గరికి నడిచింది.

చీర కుచ్చిళ్లు దోపుకున్నాను. ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ పరుగు దారి మీద నిలబడ్డాను. సిగ్గు వేసింది, కోపం వచ్చింది. ఎనిమిది అడుగులు కుంటుతూ పరుగెత్తి దూకాను. దూకడమంటే దూకడం కాదు, పడ్డాను. నోట్లోకి ఇసుక పోయింది. మోకాలు పట్టుకుని కూర్చుండిపోయాను.

"టేపు" అంది ఫర్హానా గారు.

రెఫరీ ఒక కొన పట్టుకున్నాడు. రెండో కొన ఎవరో వచ్చి పట్టుకున్నారు. తలెత్తి చూస్తే సీతాలి. నా ముఖం చూడలేదు. ఇసుకలో నేను పడ్డ చోటు చూసి గట్టిగా చదివింది.

"రెండు మీటర్ల డెబ్బై ఒకటి."

ఫర్హానా గారు సుధీంద్ర వైపు తిరిగింది. "మీ యంత్రం మూడేండ్లు ఈమె కాలునే చూసింది కదా సార్. ఈమె ఆరు మీటర్ల ఐదు సెంటీమీటర్లు దూకుతదని మూడుసార్లు చీటీ ఇచ్చింది. ఎట్ల ఇచ్చింది?"

ఆయన ఏదో గొణిగాడు. ఆవిడ మళ్లీ అడిగింది. మూడోసారి అడిగితే చెప్పాడు. కడియం లెక్కకు నూటికి అయిదు పాళ్లే విలువట. మిగతాదంతా తల్లిదండ్రులు, ఎత్తు, ఊరు, ఇల్లు. అంటే పిల్ల కాలు చూడనక్కర్లేదు, ఏ వాడ పిల్లో చూస్తే చాలు! ఆవిడ గుమస్తా చేత పాత చీటీలు తీయించింది. పదేళ్లలో తండాల పిల్లలు, మా గని క్వార్టర్ల పిల్లలు ఎందరుంటే అందరికీ ఆరు సున్నా రెండు నుంచి ఆరు పది లోపే గీత.

"ఆ ప్రాంతాల పాత ఫలితాలు అలాగే ఉన్నాయి మేడమ్" అన్నాడు.

"దాటిన ప్రతి పిల్ల ఫలితం దోషమని మీరే తీసేసిన్రు. ఇంక ఎట్లుంటయి సార్?"

సుధీంద్ర గుంత గట్టు మీద కూర్చున్నాడు. బూట్లలోకి ఇసుక పోతున్నా చూసుకోలేదు. నేను పైకి లేవలేక అతనికి ఎదురుగా ఇసుకలోనే ఉన్నాను.

"నన్ను గుర్తుపట్టినవా ఇప్పుడన్న?" అన్నాను. సార్ అనలేదు.

చాలాసేపు చూశాడు. "లేదు" అన్నాడు.

అబద్ధమాడలేదు. గుర్తుపెట్టుకోవడానికి అతను నన్ను ఎప్పుడూ చూడలేదు. ఆరు పది అన్న అంకెను చూశాడు, అంతే. అది తెలిశాక కోపం తగ్గాలి కదా, ఇంకా పెరిగింది.

9. పన్నెండు రోజుల తర్వాత

ఇది సంఘం నమోదు కాదు, సంఘంలో నాకు ఉద్యోగం లేదు.

తీర్పు వచ్చింది. సీతాలి ఆరు అరవై ఒకటి రాష్ట్ర రికార్డు. ప్రణవి పతకం తనంతట తనే వాపసు చేసింది, టేపుతో కొలిస్తేనే మళ్లీ దూకుతానంది. చీటీలు చదవడం ఆపేశారు. సుధీంద్ర ఢిల్లీ పదవి పోయింది, పాతికేళ్ల దోషాలన్నీ తిరగదోడుతున్నారు. ఒకప్పటి పిల్లలు, ఇప్పుడు అమ్మలూ అమ్మమ్మలూ, రోజూ అతని గుమ్మం ముందు నిలబడి ఆ రోజు ఎంత దూకామో చెప్పమని అడుగుతున్నారట. అతని దగ్గర అంకెలు లేవు. చెరిపేయించాడు కదా, ఎక్కడి నుంచి తెస్తాడు? నా ఆరు యాభై రెండు కూడా అలాగే పోయింది. సంఘం పుస్తకంలో నా పేరుకు ఎదురుగా ఉన్న దూకుడు ఒకే ఒక్కటి, రెండు డెబ్బై ఒకటి.

కడియం దొంగ లెక్కలకు నన్ను మైదానం నుంచి జన్మకు బహిష్కరించారు. న్యాయమే.

ఈ రోజు సామాను తీసుకోవడానికి వెళ్లాను. సీతాలి సాధన చేస్తోంది. హాస్టల్లో అందరికీ రెండేసి గుడ్లు ఇస్తున్నారని వాళ్ల నాన్న చెప్పాడు, ఆ పిల్ల బుగ్గల్లో తేటదనం వచ్చింది. నేను గేటు దగ్గర నిలబడితే చూసి వచ్చింది.

"మోకాలు ఎట్లుంది?"

"నడుస్తున్న" అన్నాను. "ఇయ్యాల ఎంతొచ్చింది బిడ్డా?"

సీతాలి నా ముఖంలోకి సూటిగా చూసింది.  

"చెప్ప" అంది. వెనక్కి తిరిగి పరుగు గుర్తు దగ్గరికి వెళ్లిపోయింది.

గని మెట్లు రెండు వందల పద్నాలుగు. పైకి ఎక్కుతున్నంతసేపూ కింద పలక మీద ఆ పిల్ల పాదం పడే చప్పుడు వినపడింది, ప్రతిసారీ ఎంత పడిందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. సుధీంద్రకు జరిగినదానికి నాకు రవ్వంత జాలి లేదు, చచ్చేదాకా ఉండదు. ఆ పిల్లకు నా మీద ఉన్న కోపం కూడా అలాంటిదే. అది నాకంటే బాగా ఎవరికి తెలుసు?